పొడవు పంపని అర్రే: సికింద్రాబాద్ సి ల్యాబులకు ఒక హెచ్చరిక

సికింద్రాబాద్‌లోనూ, ఘట్‌కేసర్, కీసర, మైసమ్మగూడ, దుండిగల్ వైపు ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ సి భాష నేర్చుకుంటున్న విద్యార్థులకు ఈ మాట వెంటనే చేరాలి. వాళ్లకు ల్యాబ్ చెప్పే అధ్యాపకులకు, వాళ్లను రేపు ఉద్యోగాల్లోకి తీసుకోబోయే కంపెనీలకు కూడా చేరాలి. సి భాషలో అర్రేను ఫంక్షన్‌కు పంపినప్పుడు ఫంక్షన్ చేతికి అర్రే రాదు. దాని మొదటి గడి చిరునామా ఒక్కటే వస్తుంది. ఆ గడి తర్వాత ఇంకా ఎన్ని గడులున్నాయో ఫంక్షన్‌కు తెలియదు, ఆ చిరునామాను బట్టి తెలుసుకునే దారీ లేదు. పొడవును మనమే విడిగా పంపాలి. పంపిన పొడవు నిజమైనదై ఉండాలి. ఫంక్షన్ ఆ పొడవు దాటకుండా ప్రతి అడుగులోనూ చూసుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ప్రోగ్రాం తనది కాని మెమరీలో చెయ్యి పెడుతుంది. ఎక్కువసార్లు ఎవరికీ తెలియకుండానే పెడుతుంది.

ఇది సిలబస్‌లో ఉన్నదే కదా, ఇందులో హెచ్చరించడానికి ఏముందని అనిపించవచ్చు. సిలబస్‌లో ఉంది. జేఎన్‌టీయూహెచ్ మొదటి సంవత్సరంలోనే ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ పేరుతో సి చెబుతోంది. అర్రేలు, పాయింటర్లు, ఫంక్షన్లకు వాటిని పంపడం అన్నీ అందులోనివే. అయినా ఆ పాఠం చదివి పాసైన విద్యార్థి రాసిన కోడ్‌లో ఈ తప్పు అలాగే మిగిలిపోతోంది. అది అలా ఎందుకు మిగులుతోందో చూడాలంటే ముందు తప్పును దగ్గరగా చూడాలి.

ఆరు సబ్జెక్టుల మార్కులు ఒక అర్రేలో ఉన్నాయనుకుందాం: 72, 65, 58, 81, 49, 35. మొత్తం 360, సగటు 60. మెయిన్‌లో ఆ అర్రే మీద సైజాఫ్ వాడితే 24 బైట్లు అని వస్తుంది. ఒక్కో ఇంట్ 4 బైట్లు కాబట్టి 24ను 4తో భాగిస్తే 6. లెక్క సరిపోయింది. విద్యార్థి ఇదే భాగహారాన్ని సగటు కట్టే ఫంక్షన్ లోపల రాస్తాడు. అక్కడ సైజాఫ్ కొలిచేది అర్రేను కాదు, పాయింటర్‌ను. ఇవాళ్టి 64 బిట్ కంప్యూటర్‌లో పాయింటర్ 8 బైట్లు, 8ని 4తో భాగిస్తే 2. ఫంక్షన్ మొదటి రెండు సబ్జెక్టులను మాత్రం కూడి సగటు 68.5 అని చూపిస్తుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం మధ్యలో ఆగదు. అదే ప్రోగ్రాంను 32 బిట్ యంత్రం మీద నడిపితే 4ను 4తో భాగించి ఒక్క సబ్జెక్టునే తీసుకుంటుంది, సగటు 72 అంటుంది. మార్కులు మారలేదు, ప్రోగ్రాం మారలేదు, యంత్రం మారినందుకు ఫలితం మారింది. పైగా 60, 68.5, 72 మూడూ నమ్మదగ్గ సగటులే. తెర మీద చెత్త అంకె కనిపించి ఉంటే విద్యార్థి వెనక్కి వెళ్లి వెతికేవాడు. 68.5 చూసి రికార్డులో రాసుకుంటాడు.

ఫంక్షన్ ప్యారామీటర్‌లో బ్రాకెట్ల మధ్య 6 అని రాశాం కదా, ఫంక్షన్‌కు పొడవు తెలిసే ఉంటుందని చాలామంది నమ్మకం. ఆ 6ను కంపైలర్ పట్టించుకోదు. బ్రాకెట్లలో 6 రాసినా, 600 రాసినా, ఖాళీగా వదిలినా కంపైలర్ దాన్ని పాయింటర్‌గానే మార్చేసుకుంటుంది. రాసినవాడికి భరోసా ఇచ్చి, నడిపేటప్పుడు ఏ రక్షణా ఇవ్వని రాత అది. సి నేర్చుకునేవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఇదేనని మా అభిప్రాయం.

చదివేటప్పుడు పొడవు తప్పితే జవాబు తప్పుతుంది. రాసేటప్పుడు తప్పితే సంగతి వేరు. ఆరు గడుల అర్రేలో లూప్‌ను ‘చిన్నది’ అనే గుర్తుకు బదులు ‘చిన్నది లేదా సమానం’ అనే గుర్తుతో నడిపితే ఏడో గడిలోకి విలువ వెళ్తుంది. ఆ ఏడో గడి మన అర్రేది కాదు. అక్కడ మరో వేరియబుల్ ఉండవచ్చు, ఫంక్షన్ పని ముగించాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే చిరునామా ఉండవచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. ఏమీ లేని రోజున ప్రోగ్రాం సరిగ్గా నడిచినట్టే ఉంటుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూడా అవుట్‌పుట్ చూసి సంతకం పెడతారు.

2024 జూలై 19, శుక్రవారం ఉదయం శంషాబాద్ విమానాశ్రయంలో జరిగినదాన్ని ఇక్కడ తలుచుకోవాలి. ఆ రోజు విమానాశ్రయ కౌంటర్లలో కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన పాసు ఫొటో దేశమంతా తిరిగింది. కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్. మన కాలమానం ప్రకారం ఉదయం 9.39కి అది విడుదలైంది, 10.57కి వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లో అందుకున్న యంత్రాలు చాలు: మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి.

ఆ తర్వాత ఆగస్టులో కంపెనీయే విడుదల చేసిన విశ్లేషణను సి చదివే ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం 21 విలువలు వస్తాయని రాసుకుంది. వాటిని పంపే భాగం 20 మాత్రమే పంపింది. ఇన్‌పుట్ అర్రేలో 20 చోట్లే ఉన్నాయి. పరీక్షించినప్పుడు 21వ విలువ దగ్గర ‘ఏదైనా సరే’ అనే గుర్తు పెట్టారు కాబట్టి దాన్ని చదవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, తప్పు బయటపడలేదు. జూలై 19 నాటి అప్‌డేట్ మొదటిసారిగా ఆ 21వ విలువను అడిగింది. ప్రోగ్రాం అర్రే దాటి చదవబోయింది. అది ఆపరేటింగ్ సిస్టమ్ నడిమధ్యలో పనిచేసే డ్రైవర్ కావడంతో మొత్తం యంత్రమే కూలింది. అర్రే హద్దు సరిచూసే పరీక్ష ఒక్కటి అక్కడ లేదు. తర్వాత చేర్చిన దిద్దుబాట్లలో మొదటి వరుసలో ఉన్నదీ అదే.

ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు మొదటి సంవత్సరం విద్యార్థులు కారు. సి కుటుంబపు భాషలో ఏళ్ల తరబడి రాస్తున్న ఇంజనీర్లు, సమీక్షలు, పరీక్షలు అన్నీ ఉన్న కంపెనీ. పంపేవాడు 20 అనుకున్నాడు, అందుకునేవాడు 21 అనుకున్నాడు. మన మార్కుల ప్రోగ్రాంలో జరిగిందీ ఇదే జాతి తప్పు: గడులెన్నో ఇద్దరికీ ఒకే మాట లేదు, ఆ తేడాను పట్టుకునే కాపలా మధ్యలో లేదు.

ఈ తప్పు వయసు కూడా తక్కువది కాదు. 1988 నవంబరు 2న మోరిస్ వర్మ్ ఇంటర్నెట్‌ను కుదిపినప్పుడు అది చొరబడిన దారుల్లో ఒకటి ఫింగర్ అనే సర్వీసు. అందులో 512 బైట్ల అర్రేను గెట్స్ ఫంక్షన్‌కు ఇచ్చారు. గెట్స్ చిరునామా తీసుకుంటుంది, పొడవు అడగదు. ఎంత వస్తే అంతా రాసుకుంటూ పోతుంది. నాటి ఇంటర్నెట్‌లో ఆరు వేల యంత్రాలు దెబ్బతిన్నాయని అంచనా వేశారు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ ఇంకో రకం. ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లోని ఆ ఫంక్షన్‌కు పొడవు అందింది. అయితే ఆ పొడవు అవతలివాడు చెప్పుకున్నది, అసలు వచ్చిన సమాచారం ఎంతో ఎవరూ సరిచూడలేదు. ఒక బైటు పంపి 64 కిలోబైట్లు తిరిగి ఇవ్వమన్నా సర్వర్ తన మెమరీలోంచి తీసి ఇచ్చేసింది. పాస్‌వర్డులు, రహస్య తాళాలు అలా బయటికి పోయే వీలుండేది. పొడవు పంపితే చాలదు, అది నిజమైన పొడవై ఉండాలని మొదట్లో అన్నది ఇందుకే.

సి భాషను ఇలా ఎందుకు చేశారని విద్యార్థి అడిగితే తోసిపుచ్చకూడదు. అది న్యాయమైన ప్రశ్న. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సి భాషను రూపొందిస్తున్నప్పుడు, దానికి ముందున్న బి భాషలో అర్రే అంటే ఒక పాయింటర్, దానికి దూరంగా కొన్ని గడులు. యూనిక్స్ డైరెక్టరీలో ఒక్కో నమోదుకు ఒక నంబరు, 14 అక్షరాల ఫైలు పేరు ఉండేవి. ఆ రెండూ మెమరీలో పక్కపక్కనే పడుకోవాలి, మధ్యలో పాయింటర్‌కు చోటు లేదు. అందుకని రిచీ ఆ పాయింటర్‌ను దాచడం మానేశారు. అర్రే పేరు ఎక్స్‌ప్రెషన్‌లో కనిపించినప్పుడు, సైజాఫ్ వంటి కొద్ది చోట్ల తప్ప, మొదటి గడి చిరునామాగా మారేటట్టు నియమం పెట్టారు. కొద్ది మెమరీ ఉన్న యంత్రాల మీద అది తెలివైన పరిష్కారం. అప్పటి పాస్కల్ భాషలో అర్రే పొడవు దాని టైపులోనే భాగం. పది గడుల అర్రే కోసం రాసిన ఫంక్షన్‌కు ఇరవై గడుల అర్రే ఇవ్వలేం. 1981లో బ్రయాన్ కెర్నిగాన్ పాస్కల్ మీద పెట్టిన పెద్ద ఫిర్యాదుల్లో ఇదొకటి. సి ఆ సంకెలను తెంచింది. ఏ పొడవున్న అర్రేకైనా ఒకే ఫంక్షన్ రాసుకునే స్వేచ్ఛ ఇచ్చింది, ఆ స్వేచ్ఛకు బదులుగా పొడవును వదిలేసింది. డి భాష సృష్టికర్త వాల్టర్ బ్రైట్ 2009లో సి చేసిన అతిపెద్ద తప్పు ఇదేనని రాశారు. రిచీని తప్పుపట్టడానికి మాకు మనసొప్పదు. యాభై ఏళ్ల కిందటి యంత్రానికి సరిపోయిన పొదుపును నేటికీ ప్రమాదమని చెప్పకుండా నేర్పడం మాత్రం తప్పే.

ఇక్కడే మన ల్యాబుల సంగతి మాట్లాడుకోవాలి. ఇప్పటికీ కొన్ని చోట్ల నీలి తెర టర్బో సి మీదే క్లాసు నడుస్తోంది. 1987లో బోర్లాండ్ తెచ్చిన సాధనం అది. కొత్త విండోస్ మీద నేరుగా నడవదు కాబట్టి డాస్‌బాక్స్‌లో పెట్టి మరీ నడిపిస్తున్నారు. అది ఇంట్‌ను 2 బైట్లుగా తీసుకుంటుంది, మామూలు సెట్టింగులో పాయింటర్‌నూ 2 బైట్లుగానే తీసుకుంటుంది. పైన చెప్పిన భాగహారం అక్కడ 1 ఇస్తుంది. అంతకంటే ముఖ్యమైనది, డాస్‌లో మెమరీకి రక్షణ లేదు. అర్రే దాటి రాసినా ఆపేవాళ్లు లేరు, లినక్స్‌లోలాగా ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ప్రోగ్రాం నిలిచిపోదు. గెట్స్ వాడితే మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. ఆ గెట్స్‌ను 2011 నాటి సి ప్రమాణం భాషలోంచే తీసేసింది. భాష వెలివేసిన ఫంక్షన్‌ను రికార్డు పుస్తకంలో రాయించి మార్కులు వేయడం ఇకనైనా ఆగాలి.

జీసీసీ ఉచితం. చవకైన ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. అర్రేగా రాసిన ప్యారామీటర్ మీద సైజాఫ్ వాడితే కొత్త జీసీసీ ఏ ఆప్షన్ ఇవ్వకపోయినా హెచ్చరిస్తుంది. ప్యారామీటర్‌ను పాయింటర్‌గానే రాసి భాగహారం చేస్తే, వార్నింగులన్నీ చూపమని అడిగినప్పుడు చెబుతుంది. సంగతేమిటంటే ల్యాబ్‌లో వార్నింగ్ వస్తే ‘పర్వాలేదు, వార్నింగే కదా, ఎర్రర్ కాదు కదా’ అనడం అలవాటైంది. ఈ ఒక్క మాట చేసినంత నష్టం ఏ కష్టమైన అధ్యాయమూ చేయలేదు.

మరో దురలవాటు పరీక్షల్లో ఉంది. క్యాంపస్ సెలక్షన్ పేపర్లు, అమీర్‌పేట కోచింగ్ నోట్సులు ఈ విషయాన్ని పొడుపుకథగా మార్చేశాయి. ‘ఫంక్షన్‌లో సైజాఫ్ ఎంత ప్రింట్ చేస్తుంది?’ అని అడుగుతారు. ‘8’ అని విద్యార్థి బట్టీ పట్టి రాస్తాడు, మార్కు పడుతుంది. అలాంటప్పుడు ఏం చేయాలని ఎవరూ అడగరు. ఇంకా దారుణం, అర్రే దాటి చదివే ప్రోగ్రాం ఇచ్చి ‘అవుట్‌పుట్ చెప్పండి’ అనే ప్రశ్నలు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. సి ప్రమాణం ప్రకారం ఆ ప్రోగ్రాం ప్రవర్తన నిర్వచనానికి అందనిది, ఏమైనా జరగవచ్చు. దానికి ఒక అంకె జవాబుగా పెట్టి సరైనదని నమ్మిస్తే, హద్దు దాటినా ఏదో ఒక నికరమైన ఫలితం వస్తుందనే భ్రమ పిల్లల్లో పాతుకుపోతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఈ రకం ప్రశ్నలను ఈ ఏడాదే తీసేయాలి.

ఈ హెచ్చరిక సికింద్రాబాద్ నుంచే ఎందుకంటే, కంప్యూటర్ తప్పు తెర మీదే ఆగిపోని ఊరు ఇది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2 నుంచి ఇక్కడి నుంచే నడుస్తోంది. దేశమంతటి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లు శిక్షణ పొందే ఇరిసెట్ 1957 నుంచి ఇక్కడే ఉంది. రైల్వే రిజర్వేషన్లను దేశవ్యాప్తంగా కలిపిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట అమలైంది సికింద్రాబాద్‌లోనే. రెండు రైళ్లు ఢీకొనకుండా వాటంతటవే ఆగేలా చేసే కవచ్ వ్యవస్థను మొదట పరీక్షించి అమలు చేసిందీ మన దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒక ఇంజన్‌లో ఉండగా జరిపిన పరీక్షలో, ముందున్న ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో రైలు తనంతట తానే నిలిచింది. కవచ్ పరికరాలు మొదట్లో తయారుచేసిన మూడు కంపెనీలు, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, మూడూ హైదరాబాద్‌వే.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. కవచ్‌లో ఇలాంటి లోపం ఉందని మేం అనడం లేదు. అది సిల్-4 అనే అత్యున్నత భద్రతా స్థాయికి రూపొందించిన వ్యవస్థ. రైల్వే సాఫ్ట్‌వేర్‌కు విడిగా భద్రతా ప్రమాణాలు ఉన్నాయి. సి భాషను ప్రమాదం లేకుండా వాడటానికి మిస్రా సి నియమాలు 1998 నుంచి ఉన్నాయి, పాయింటర్‌ను ముందుకు జరిపితే అది అదే అర్రే హద్దుల్లో ఉండాలన్నది ఆ నియమాల్లో ఒకటి. మేం చెప్పేది అక్కడ రేపు పని చేయబోయేవాళ్ల గురించి. సిగ్నల్ పరికరాలు, ఆస్పత్రి మానిటర్లు, కార్ల బ్రేకు నియంత్రణలు, కరెంటు మీటర్లు, ఇలాంటి చిన్న కంట్రోలర్ల మీద నడిచే లోకంలో సి ఇంకా రాజ్యమేలుతోంది. చాలా చిన్న కంట్రోలర్లలో మెమరీకి కాపలా ఉండదు. హద్దు దాటితే ‘ఫాల్ట్’ అని ఆగిపోయే అదృష్టం అక్కడ లేదు, తప్పు విలువతోనే పని సాగిపోతుంది. ఆ ఉద్యోగాలకు మన ఊరి పిల్లలే వెళ్తున్నారు. వాళ్ల అలవాట్లు ఏర్పడేది ఇప్పటి ల్యాబులోనే.

స్ట్రింగ్‌ల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ విద్యార్థి పొడవు పంపడం పూర్తిగా మరిచిపోతాడు. రైలు స్టేషన్ దాటేటప్పుడు స్టేషన్ సిబ్బంది ఆఖరి పెట్టె వెనుక ఎల్‌వీ బోర్డు ఉందా అని చూస్తారు. ఉంటే రైలు మొత్తం వచ్చినట్టు, లేకపోతే కొన్ని పెట్టెలు వెనక విడిపోయి ఉండవచ్చని లైను ఖాళీ అయిందని ఒప్పుకోరు. సి స్ట్రింగ్‌కు చివర్లో ఉండే నల్ క్యారెక్టర్ అలాంటి బోర్డు. స్ట్రింగ్ ఫంక్షన్లన్నీ దాన్ని చూసే ఆగుతాయి. ‘సికింద్రాబాద్’ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 12 అక్షరాలు, దానికి 13 గడులు కావాలి. 12 గడుల అర్రే ఇస్తే అక్షరాలన్నీ పడతాయి, బోర్డు పడదు. ఇక ఆ పేరు ప్రింట్ చేసే ఫంక్షన్ తర్వాతి మెమరీలో ఎక్కడో ఒక సున్నా తగిలేదాకా చదువుకుంటూ పోతుంది. మామూలు ఇంట్ అర్రేకు ఆ బోర్డు కూడా ఉండదు. ఎస్‌టీఆర్‌ఎన్‌కాపీ వాడితే ప్రమాదం తప్పుతుందని కొన్ని పుస్తకాలు చెబుతున్నాయి. చోటు సరిపోనప్పుడు అది చివర నల్ పెట్టదు, ఆ సంగతి చెప్పకుండా దాన్ని సురక్షితమని నేర్పడం తప్పు. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ పొడవు అడుగుతుంది, పొడవు సున్నా కానంతవరకు నల్ కూడా పెడుతుంది. చదవడానికి గెట్స్ బదులు ఎఫ్‌గెట్స్. స్కాన్‌ఎఫ్‌లో పర్సంట్ ఎస్ వాడితే ఎన్ని అక్షరాలో మధ్యలో రాయాలి.

రెండు డైమెన్షన్ల అర్రేల దగ్గర ఇంకో గోతి ఉంది. మూడు వరుసలు, నాలుగు నిలువుల అర్రేను ‘పాయింటర్‌కు పాయింటర్’ తీసుకునే ఫంక్షన్‌కు పంపితే అది పూర్తిగా తప్పు. మెమరీలో పన్నెండు అంకెలు వరసగా ఉంటాయి, ఫంక్షన్ మాత్రం అక్కడ చిరునామాలు ఉన్నాయనుకుని ఆ అంకెలనే చిరునామాలుగా తీసుకుంటుంది. పాత కంపైలర్లు దీనికి వార్నింగ్ ఇచ్చి ఊరుకునేవి. 2024 మేలో వచ్చిన జీసీసీ 14 దీన్ని ఎర్రర్‌గా మార్చింది. నిలువుల సంఖ్య ప్యారామీటర్‌లో తప్పక ఉండాలి, వరుసల సంఖ్య విడిగా పంపాలి.

ఇక అలవాటుగా మార్చుకోవాల్సినవి. అర్రే తీసుకునే ప్రతి ఫంక్షన్‌కూ దాని పక్కనే పొడవు కూడా ప్యారామీటర్‌గా ఉండాలి. పొడవును లెక్కగట్టాల్సింది అర్రే పుట్టిన చోటే, ఫంక్షన్ లోపల కాదు. 1999 ప్రమాణం నుంచి పొడవును ముందు ప్యారామీటర్‌గా రాసి, తర్వాత అర్రే బ్రాకెట్లలో ఆ పేరే పెట్టే వీలుంది. అలా రాసినా ఫంక్షన్‌కు అందేది పాయింటరే, కానీ చదివేవాళ్లకు ఏ పొడవు ఏ అర్రేదో ఒక్క చూపులో తెలుస్తుంది. పాయింటర్‌నూ పొడవునూ కలిపి ఒకే స్ట్రక్చర్‌లో పెట్టి పంపితే రెండూ విడిపోయే అవకాశం ఇంకా తగ్గుతుంది, పెద్ద ప్రోగ్రాములకు మేం దీన్నే మెచ్చుకుంటాం. ఫంక్షన్ అర్రేను చదవడానికే అయితే కాన్‌స్ట్ రాయాలి. అర్రే కాపీ అయి వెళ్తుందనుకునే విద్యార్థులు ఇంకా ఉన్నారు. కాపీ కాదు, ఫంక్షన్‌లో మార్చింది అసలు అర్రేలోనే మారుతుంది. ఫంక్షన్ లోపల పుట్టిన లోకల్ అర్రే చిరునామాను ఎప్పుడూ రిటర్న్ చేయకూడదు, ఫంక్షన్ ముగిసేసరికి ఆ అర్రే ఉండదు.

జీసీసీలో వాల్, ఎక్స్‌ట్రా వార్నింగులు పెట్టి, వార్నింగులను ఎర్రర్లుగా చూసే ఆప్షన్ కూడా కలపాలి. దానితో పాటు అడ్రస్ శానిటైజర్ పెట్టి నడపాలి. అది 2013 నుంచి జీసీసీలో ఉంది. ఏడో గడి తాకగానే ప్రోగ్రాంను ఆపి, ఏ ఫైలులో ఏ లైను దగ్గర హద్దు దాటిందో చూపిస్తుంది. ఈ రెండింటి పనీ వేరువేరని గుర్తుంచుకోవాలి. మార్కుల ఉదాహరణలో ఫంక్షన్ హద్దు దాటలేదు, తక్కువ చదివింది, కాబట్టి శానిటైజర్ నోరెత్తదు. అక్కడ పట్టుకునేది కంపైలర్ వార్నింగే. రెండూ కావాలి. రెండూ ఉన్నా తప్పులన్నీ దొరకవు, అందుకే ఖాళీ అర్రేతో, ఒక్క గడి అర్రేతో, నిండిన అర్రేతో ప్రతి ఫంక్షన్‌నూ నడిపి చూడాలి.

సి మానేసి మరో భాష నేర్పండి అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో బలం ఉంది. తమ ఉత్పత్తుల్లో బయటపడే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా వైట్‌హౌస్ కార్యాలయమే మెమరీ భద్రత ఉన్న భాషల వైపు వెళ్లమని నివేదిక ఇచ్చింది. కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టులకు అది మంచి సలహా. ఇప్పటికే పరికరాల్లో నడుస్తున్న కోట్ల లైన్ల సి కోడ్‌ను చదివి, దిద్ది, కాపాడేవాళ్లు మాత్రం ఇంకా చాలా ఏళ్లు కావాలి. కోడ్‌ను ఏఐతో రాయించుకునే ఈ రోజుల్లో ఆ అవసరం పెరిగింది. యంత్రం ఫంక్షన్‌ను శుభ్రంగా రాసిచ్చినా, దాన్ని పిలిచేచోట తప్పు పొడవు ఇచ్చేది మనిషే కావచ్చు. పట్టుకోవాల్సిందీ మనిషే.

విద్యార్థులకు మా విన్నపం: ఇప్పటిదాకా రాసిన ల్యాబ్ ప్రోగ్రాములను ఈ వారమే తీసి, అర్రే తీసుకునే ఫంక్షన్లన్నిటినీ వార్నింగులు, శానిటైజర్ పెట్టి మళ్లీ నడపండి. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలకు: అవుట్‌పుట్ పొడుపుకథలు ఆపి, హద్దు దాటే ఒక ఫంక్షన్ ఇచ్చి దిద్దమని అడగండి. కాలేజీ యాజమాన్యాలకు, ల్యాబ్ ఇన్‌ఛార్జులకు: టర్బో సిని తీసేసి జీసీసీ పెట్టించండి, అందుకు రూపాయి ఖర్చు లేదు. అధ్యాపకులకు: అర్రేను తీసుకుని పొడవు తీసుకోని ఫంక్షన్ రికార్డులో కనిపిస్తే, అవుట్‌పుట్ సరిగ్గా వచ్చినా సరే, సంతకం పెట్టకండి.